తంతువు లెక్కడ నున్నవి?

తంతు సిద్ధాంతమును గూర్చి మేము ఎవరితో ముచ్చటించినను, కొంతసేపు విన్న పిమ్మట వారడుగు ప్రశ్న తరచుగా ఒక్కటే. “ప్రపంచములోని సమస్త పదార్థమును సూక్ష్మమైన తంతువుల కంపనమే యని చెప్పుచున్నారు. ఆ తంతువులకు మనకు కనబడని మితులు మరి ఆరు కావలెననియు చెప్పుచున్నారు. అట్లయిన ఆ తంతువు లుండునది ఎక్కడ? మన యింటిలోనా, లేక ఆ కనబడని చోటనా?” ఈ ప్రశ్న అమాయకముగా తోచవచ్చును. కాని దీనికి సరియైన సమాధానము చెప్పవలెనన్నచో సిద్ధాంతమంతటిని ఒకమారు చుట్టి రావలసియుండును. అంతియేకాదు. ఈ సమాధానము తెలియకపోవుటచేతనే కొందరు కనబడని మితులను కనబడని లోకములుగా భావించి, భౌతికశాస్త్రము ఎన్నడును చెప్పని మాటలను దానికి అంటగట్టుచున్నారు. కావున ఈ ప్రశ్ననే నేడు విచారింతము.

మొట్టమొదట మితి యనగా నేమో తెలిసికొనవలెను. మితి యనగా ఒక చోటు కాదు. కదలుటకు వీలైన ఒక దిశ. గదిలో వ్రేలాడు దీపము ఉన్న తావును ఇతరులకు తెలుపవలెనన్న మూడు సంఖ్యలు చాలును. తూర్పు గోడనుండి ఎంత దూరము, ఉత్తరపు గోడనుండి ఎంత దూరము, నేలనుండి ఎంత ఎత్తు అని చెప్పినచో వినువానికి సందేహముండదు. రెండు సంఖ్యలు చాలవు; నాలుగవది అక్కరలేదు. అందుచేతనే మన అంతరాళము త్రిమితీయ మందురు. దీపము వెలిగిన వేళను గూడ చెప్పినచో నాలుగు సంఖ్యలగును. 1905లో ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతమును ప్రకటించిన తరువాత, 1908లో హెర్మన్ మింకోవ్‌స్కీ అను గణితజ్ఞుడు ఈ నాలుగింటిని వేరుచేయరాని ఒకే అల్లికగా చూపెను.

ఇప్పుడు ఒక మాట ఆలోచింపుడు. “ఎత్తు” అనునది గదిలో ఎక్కడ నున్నదని ఎవరైన అడుగుదురా? ఎత్తు ఒక మూలలో ఒదిగియుండదు. గదిలోని ప్రతి బిందువు వద్దను అది యున్నది; ఏ బిందువునుండియైనను పైకి పోవచ్చును, క్రిందికి రావచ్చును. మనకు కనబడని మితులు నిజముగా నున్నచో అవియు నిట్లే యుండవలెను. అవి దూరమున నెక్కడనో యుండవు. మీరు కూర్చున్న పీట వద్దను, రేడియో పెట్టె లోపలను, చంద్రునిమీదను, ఎల్లచోట్ల నుండవలెను.

మరి అట్లున్నచో ఏల కనబడవు? మీ చేతిలోని ఈ పత్రిక పుటనే చూడుడు. దానికి పొడవు కలదు, వెడల్పు కలదు. దూరమునుండి చూచువానికి అంతకు మించి మరేమియు తోచదు. కాని పుటకు దళసరి కూడ కలదు. అది మిల్లీమీటరులో పదియవ వంతుకు దగ్గరగా నుండును. ఆ దళసరి పుటలో ఏ మూలనున్నదని అడుగుట తగదు. ప్రతి అక్షరము క్రిందను అది యున్నది. మన వ్రేళ్లు దానిలో తిరుగలేనంత చిన్నదగుటచేత మనము దానిని లెక్కకు తీసికొనము. ఈ పోలికలో ఒక లోపము కలదు. పుట దళసరికి పై అంచు, క్రింది అంచు ఉన్నవి. శాస్త్రజ్ఞులు ఊహించిన దాగిన మితికి సామాన్యముగా అంచులుండవు. అది చేతి గాజువలె తిరిగి తనలోనే కలియును. ఆ దిశగా బయలుదేరినవాడు ముందునకే పోవుచు, తృటిలో బయలుదేరిన తావునకే వచ్చును.

ఈ ఆలోచన తంతు సిద్ధాంతమునకంటె పాతది. కోనిగ్స్‌బర్గులో ఉపాధ్యాయుడుగా నుండిన థియొడోర్ కలూజా 1919లో ఐన్‌స్టీనునకు ఒక వ్యాసము పంపెను. ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సమీకరణములను నాలుగు మితులకు మారుగా ఐదు మితులలో వ్రాసినచో, వానిలో కొన్ని మన గురుత్వాకర్షణనే తెలుపుననియు, మిగిలిన కొన్ని మాక్స్‌వెల్ కనుగొన్న విద్యుదయస్కాంత సమీకరణములే యగుననియు ఆయన చూపెను. ఆ వ్యాసము 1921లో అచ్చయ్యెను. ఆ ఐదవ మితి ఏల కనబడదను ప్రశ్నకు 1926లో స్వీడను దేశీయుడైన ఆస్కార్ క్లైన్ సమాధానము చెప్పెను. అది మిక్కిలి చిన్న వృత్తముగా చుట్టుకొనియున్నదని ఆయన భావము.

చిన్నదైనంత మాత్రమున కనబడకుండుట ఏల? రేడియో శ్రోతలకు దీనిని వివరించుట సులభము. 1000 కిలోహెర్ట్జుల మధ్యతరంగ ప్రసారము యొక్క తరంగదైర్ఘ్యము 300 మీటర్లు. అంత పొడవైన అల మీ యింటి గుమ్మమునకు గ్రుచ్చిన గుండుసూదిని గుర్తింపనైనను గుర్తింపదు. చిన్న వస్తువును కనుగొనవలెనన్న దానికంటె పొట్టియైన అల కావలెను. అల పొట్టియగుకొలది శక్తి హెచ్చవలెను. ఇది క్వాంటం శాస్త్రములోని నియమము. ఈ శాస్త్రమును బట్టి ఎలక్ట్రాను మొదలగు కణములు సైతము తరంగ స్వభావము గలవి. చిన్న వృత్తముపై అల నిలువవలెనన్న అది వృత్తముచుట్టు పూర్ణసంఖ్యగా ఇముడవలెను: ఒక అల, రెండలలు, మూడలలు, ఇట్లు. వృత్తము చిన్నదగుకొలది మొదటి అలకే విశేషమైన శక్తి కావలెను. వృత్తపు వ్యాసార్ధము మీటరులో 1 తరువాత 19 సున్నలుంచిన సంఖ్యవ వంతైనచో, ఆ మొదటి అలకు రమారమి 2 లక్షల కోట్ల ఎలక్ట్రాను వోల్టుల శక్తి కావలసియుండును. అంతటి శక్తి లేనప్పుడు కణమునకు మిగిలిన స్థితి ఒక్కటే. ఆ వృత్తముపై హెచ్చుతగ్గులు లేక, అలయే లేక, సమముగా పరచుకొనియుండుట. మన చుట్టునున్న పదార్థమంతయు ఆ స్థితిలో నున్నదని క్లైన్ మార్గమున నడచువారు చెప్పుదురు.

ఇచ్చట మన ప్రశ్నకు తొలి సమాధానము దొరకినది. కణము దాగిన వృత్తములో ఏ బిందువు వద్ద నున్నదని అడిగినచో, ఒక బిందువు వద్ద కాదు, వృత్తమంతటను అని చెప్పవలెను. అట్లు అంతటను సమముగా నుండుటచేతనే ఆ వృత్తము ఉన్నట్టు మనకు తెలియదు. ఎల్లప్పుడును ఒకే స్వరము మ్రోగుచున్న ఇంటిలో పుట్టి పెరిగినవాడు ఆ స్వరమును విననివానితో సమానుడు గదా!

ఇక తంతువుల విషయమునకు వత్తము. 1968లో ఇటలీ దేశీయుడైన గాబ్రియేలె వెనెజియానో, పరమాణు కేంద్రకములోని బలమును వివరించుటకై ఒక సూత్రమును ప్రతిపాదించెను. ఆ సూత్రము బిందువులవంటి కణములకు గాక, కంపించు తంతువులకు సరిపోవునని నంబు, నీల్సన్, సస్కిండ్ అను ముగ్గురు వేర్వేరుగా గ్రహించిరి. కేంద్రక బలము విషయమున ఆ సిద్ధాంతము కొంతకాలమునకు వెనుకబడెను. దానికి గల కారణములలో ఒకటేమనగా, దానిలో ద్రవ్యరాశి లేని కణమొకటి అక్కరలేకయే పుట్టుచుండెను. 1974లో జోయెల్ షెర్క్, జాన్ ష్వార్జ్ అనువారు, జపానులో యొనేయా అను శాస్త్రజ్ఞుడును, ఆ అక్కరలేని కణమే గురుత్వాకర్షణను మోయు గ్రావిటాను అని చూపిరి. లోపమని తలచినదే సిద్ధాంతమునకు ప్రాణమైనది. 1984లో మైకేల్ గ్రీన్, ష్వార్జ్ కలిసి ఆ సిద్ధాంతములో పరస్పర విరోధములు తొలగు మార్గమును కనుగొన్న తరువాత, ప్రపంచమునందలి భౌతికశాస్త్రజ్ఞులు పెక్కుమంది దానివైపు మరలిరి.

ఈ తంతువు ఎంత చిన్నది? సామాన్యముగా చెప్పు కొలత ప్లాంక్ దైర్ఘ్యమునకు సమీపమున నుండును. ఆ దైర్ఘ్యమును మీటర్లలో వ్రాయవలెనన్న దశాంశ బిందువు తరువాత 34 సున్నలుంచి 16 వేయవలెను. అంకెలతో మనస్సునకు పట్టువడదు గావున ఇట్లు ఊహింపుడు. పరమాణు కేంద్రకములోని ఒక్క ప్రోటానును పెంచి పెంచి, కాంతి ఒక సంవత్సరకాలము ప్రయాణము చేయునంత వెడల్పు గలదిగా చేసితిమనుకొందము. అదే పాలున పెంచినచో ప్లాంక్ దైర్ఘ్యము మన తలవెండ్రుక మందము మాత్రమగును. తంతువు ఇంతకంటె కొంత పెద్దది కావచ్చునని చెప్పువారును కలరు. ఎట్లయినను మన పరికరములకు అది అందుబాటులో లేదు.

తంతువు రెండు విధములు. రెండు కొనలు గలది వివృత తంతువు. కొనలు కలిసి వలయమైనది సంవృత తంతువు. వీణ తీగపై వేర్వేరు స్వరములు పలికినట్లు, ఒకే తంతువు ఒక విధమున కంపించిన ఎలక్ట్రానుగను, మరియొక విధమున కంపించిన కాంతికణముగను, వేరొక విధమున కంపించిన గ్రావిటానుగను తోచును. పోలికను ఇంతటితో ఆపవలెను. వీణ తీగ లోహముతో చేసినది. ఆ లోహమునకు పరమాణువులు కలవు. తంతువు దేనితోను చేసినది కాదు. అదియే మూలమని ఈ సిద్ధాంతము యొక్క మతము.

మితులు పది కావలెనని ఎవరు నిర్ణయించిరి? ఎవరును ఎంచుకొనలేదు, లెక్కయే కోరినది. బిగించిన తీగ తన పొడవునకు అడ్డముగా కదలును. త్రిమితీయమైన మన గదిలో అట్టి అడ్డుదిశలు రెండు మాత్రమే: మీది క్రిందుగా ఒకటి, ప్రక్క ప్రక్కలకు ఒకటి. మితులు హెచ్చినచో అడ్డుదిశలును హెచ్చును. క్వాంటం శాస్త్రమును బట్టి తంతువు పూర్తిగా నిశ్చలముగా నుండజాలదు. ఒక్కొక్క అడ్డుదిశలోను కొంచెము వణకుచునే యుండును. ఆ వణకుల శక్తులన్నియు కూడి, సాపేక్షతా సిద్ధాంతముతో సరిపడవలెను. మొదట కల్పించిన తంతు సిద్ధాంతములో అట్లు సరిపడుటకు 24 అడ్డుదిశలు కావలసివచ్చెను. తంతువు పొడవు దిశ ఒకటి, కాలము ఒకటి కలుపగా మొత్తము 26 మితులు. పదార్థకణములకు గూడ చోటిచ్చిన తరువాతి సిద్ధాంతములో 8 అడ్డుదిశలు చాలినవి. 8కి 2 కలుపగా 10. వానిలో నాలుగు మనమెరిగినవి. మిగిలిన ఆరును చుట్టుకొని దాగియుండవలెను.

ఈ లెక్కలోనే మన ప్రశ్నకు రెండవ సమాధానము ఇమిడియున్నది. తంతువు వణకునది ఎనిమిది దిశలలోను. రెండింటిలో ఇక్కడను, ఆరింటిలో అక్కడను అని పంచుకొనుటకు వీలులేదు. ప్రతి తంతువును తొమ్మిది స్థలమితులలోను ఒకేమారు నివసించుచున్నది. మన దేహములోని పరమాణువులు తంతువులే యైనచో, మనమును ఆ దాగిన మితులలో ఇప్పుడే ఉన్నాము. “అక్కడికి” పోవలసిన పనిలేదు. మనము గదిలో ఈ మూలనుండి ఆ మూలకు నడచునప్పుడు, మనలోని ఒక్కొక్క తంతువును దాగిన ఆరు దిశలను గూడ తనతో మోసికొనియే పోవుచున్నది.

ఆ ఆరు మితుల ఆకారము ఎట్టిది? 1954లో యూజినియో కాలబీ అను గణితజ్ఞుడు ఒక ప్రత్యేకమైన వక్రరూపములు ఉండవచ్చునని ఊహించెను. అవి ఉండితీరునని ఇరువదియేండ్లు గడచిన పిమ్మట షింగ్-టుంగ్ యావ్ నిరూపించెను. వారు కేవలము గణితము కొరకే ఆ పని చేసిరి. 1985లో కాండెలాస్, హోరోవిట్జ్, స్ట్రామింజర్, విట్టెన్ అను నలుగురు, దాగిన ఆరు మితులు ఈ కాలబీ-యావ్ రూపమును తాల్చియుండవచ్చునని చూపిరి. ఈ రూపములకు గాజునకు వలె రంధ్రములుండును. ఒకటి కాదు, పెక్కు, పెక్కు విధములవి. ఆ రంధ్రముల లెక్కనుండి యూలర్ సంఖ్య అను ఒక సంఖ్య వచ్చును. వారు వివరించిన విధానములో, దానిలో సగమే మన ప్రపంచములోని పదార్థకణముల కుటుంబముల సంఖ్య యగును. ప్రకృతిలో అట్టి కుటుంబములు మూడు కలవు. ఎలక్ట్రాను ఒక కుటుంబమునకు, దానికంటె బరువైన మ్యూవాను, టావు అనునవి మిగిలిన రెంటికి చెందినవి. ఈ మూడు కుటుంబములు ఏల యున్నవో అంతవరకు ఎవరును చెప్పలేకపోయిరి. యూలర్ సంఖ్య 6 గల రూపము ఒకటి దొరకినచో ఆ మూడునకు కారణము చెప్పినట్లగును. అట్టి రూపము గణితములో దొరకినది కూడ.

దీనిని వీణతోనే పోల్చి చెప్పవచ్చును. బొబ్బిలి వీణను పనస కొయ్యతో చేయుదురు. తీగ అదియే యైనను, కుండ ఆకారమును బట్టియు, కొయ్య దళసరిని బట్టియు నాదము మారును. వినువాడు కుండ లోపలికి తొంగిచూడడు. కాని అతడు విను నాదములో ఆ లోపలి ఆకారము ఉన్నది. దాగిన మితుల రూపమును మనము చూడలేకపోవచ్చును. కాని ఎలక్ట్రాను బరువెంత, కుటుంబములెన్ని యను విషయములలో ఆ రూపము వినబడుచున్నదని తంతు సిద్ధాంతము చెప్పుచున్నది. కాలబీ-యావ్ రూపములో కణముల అలలు అన్నిచోట్ల సమముగా నుండవు. ఒకచోట దట్టముగను, మరియొకచోట పలుచగను పరచుకొనును. ఆ ఎక్కువతక్కువలే కణముల బరువులలోని తేడాలకు కారణము కావచ్చును.

తంతువునకు బిందువువంటి కణమునకు లేని మరియొక శక్తి కలదు. వలయాకారపు తంతువు దాగిన వృత్తముచుట్టు, బొంగరమునకు త్రాడు చుట్టినట్లు, ఒకమారో రెండుమార్లో చుట్టుకొనగలదు. ఇందునుండి ఒక వింత ఫలితము వచ్చినది. తంతువు కొలతకంటె రెండింతలు పెద్దదైన వృత్తమునకును, తంతువు కొలతలో సగమైన వృత్తమునకును మధ్య సంవృత తంతువు ఏ భేదమును కనుగొనలేదు. ఒకదానిలో చుట్టుకొనుట రెండవదానిలో కదలుటతో సమానమగును. అనగా ఒక హద్దునకు లోపల “ఎంత చిన్నది” యను మాటకే అర్థము పోవును.

ఇంతవరకు చెప్పినది ఒక చిత్రము. 1995లో జోసెఫ్ పోల్చిన్‌స్కీ మరియొక చిత్రమునకు బలము చేకూర్చెను. తంతువులే గాక, వస్త్రములవలె పరచుకొన్న పొరలును ఈ సిద్ధాంతములో ఉండవలెననియు, వివృత తంతువుల కొనలు ఆ పొరలకు అంటియుండుననియు ఆయన చూపెను. మన ప్రపంచమంతయు మూడు మితులలో విస్తరించిన అట్టి పొరయైనచో, కాంతియు, పదార్థమును వివృత తంతువులు గావున పొరను విడిచి పోలేవు. గ్రావిటాను సంవృత తంతువు. దానికి కొనలు లేవు. అది పొరను విడిచి దాగిన మితులలోనికి పోగలదు. ఈ చిత్రములో మన ప్రశ్నకు సమాధానము మారును. మనలను నిర్మించిన తంతువులు దాగిన మితులలో అంతటను గాక, ఒక నియతమైన తావుననే, అచ్చు సిరా పుట పైభాగమున నిలిచినట్లు, నిలిచియున్నవి. ఏ చిత్రము సత్యమో గణితము ఒక్కటే తేల్చజాలదు. ప్రయోగము తేల్చవలెను.

ప్రయోగమునకు ఇచ్చట కొంత అవకాశము లేకపోలేదు. దీపమునుండి దూరము రెండింతలైన వెలుగు నాలుగవ వంతగును. వెలుగు మూడు మితులలో వ్యాపించుటయే దీనికి కారణము. న్యూటను గురుత్వాకర్షణ నియమమును నిట్టిదే. మరి రెండు మితులు గూడ ఉన్నచో, వాని కొలతకు లోబడిన దూరములలో, దూరము రెండింతలైన బలము నాలుగవ వంతు గాక పదునారవ వంతు కావలెను. 1998లో అర్కానీ-హమేద్, డిమోపౌలోస్, ద్వాలీ అను మువ్వురు, మనము పొరకు అంటియున్నచో దాగిన మితులు మిల్లీమీటరుకు కొంచెము లోపుగా నున్నను ఇంతవరకు మనకు తెలిసియుండకపోవచ్చునని చెప్పిరి. గురుత్వాకర్షణను అంత దగ్గర దూరములలో ఎవరును కొలిచియుండలేదు. అమెరికాలోని సియాటిల్ నగరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు సన్నని తీగకు వ్రేలాడదీసిన మెలిత్రాసుతో దీనిని పరీక్షించిరి. 2007లో 56 మైక్రోమీటర్ల వరకును, 2020లో 52 మైక్రోమీటర్ల వరకును న్యూటను నియమము చెడలేదని వారు ప్రకటించిరి. 52 మైక్రోమీటర్లనగా సన్నని తలవెండ్రుక మందము. జినీవా సమీపమున 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగములో 2022 నుండి 13.6 లక్షల కోట్ల ఎలక్ట్రాను వోల్టుల శక్తితో ప్రోటానులను ఢీకొట్టించిరి. అందును దాగిన మితుల జాడ కనబడలేదు.

ఇచ్చట లోకములను గూర్చి ఒక మాట చెప్పవలెను. మన పురాణములు పదునాలుగు లోకములను వర్ణించినవి. శాస్త్రజ్ఞులు పది మితులనియు, 1995లో ఎడ్వర్డ్ విట్టెన్ చెప్పిన తరువాత పదునొకండనియు చెప్పుచున్నారు. సంఖ్యలు దగ్గరగా నుండుటచే రెండును ఒకటే యని ఉపన్యసించువారు కలరు. అది పొరపాటు. లోకము నివసించు చోటు; మితి కదలు దిశ. పొడవును, వెడల్పును రెండు లోకములని ఎవరును అనరు. పురాణమునకు దాని ప్రయోజనము దానికి కలదు. భౌతికశాస్త్రమునుండి తెచ్చిన ఊతకర్ర దానికి అక్కరలేదు. ఆరు కనబడని మితులలో ప్రేతములు నివసించుననియు, మంత్రముచే వానిని చేరవచ్చుననియు చెప్పువారి మాటలకు ఈ సిద్ధాంతములో ఒక్క అక్షరమంత ఆధారమైనను లేదు.

మరి సిద్ధాంతము నిజమేనా? ఈ ప్రశ్నను దాటవేయుట మాకు న్యాయముగా తోచదు. దాగిన ఆరు మితులను చుట్టుటకు గల విధములు 1 తరువాత 500 సున్నలుంచినంత సంఖ్యలో నుండవచ్చునని 2000 తరువాతి సంవత్సరములలో లెక్కించిరి. అందు మన ప్రపంచమునకు తగినదేదో ఇంతవరకు ఎవరును చూపలేదు. ఇన్ని విధములు గల సిద్ధాంతము ఏమి జరిగినను “అదియు నాలోనిదే” యనవచ్చునని విమర్శకులు చెప్పుచున్నారు. ఆ విమర్శను తేలికగా త్రోసివేయరాదు.

చరిత్రలో ఇట్టి సందర్భములకు రెండు ఉదాహరణములు కలవు. పందొమ్మిదవ శతాబ్దాంతమున ఎర్న్‌స్ట్ మాఖ్ వంటి విద్వాంసులు పరమాణువులను నమ్మలేదు. ఎవరును చూడలేదుగదా యనిరి. 1905లో ఐన్‌స్టీన్ లెక్కయు, 1908 మొదలు జాఁ పెరాఁ చేసిన ప్రయోగములును పరమాణువు సత్యమని స్థాపించినవి. ఇది ఒక ఉదాహరణము. రెండవది దీనికి విరుద్ధము. 1867లో లార్డ్ కెల్విన్, పరమాణువులు ఈథరులోని సుడివలయములనియు, వాని ముడులే మూలకముల భేదములకు కారణమనియు ఊహించెను. అది ఎంతో అందమైన ఊహ. కాని ఈథరే లేదని తేలినది, ఊహ కూలినది. అయినను ఆ ఊహవలన ప్రేరితుడై పీటర్ టేట్ ముడులను వరుసలుగా కూర్చెను. దానినుండి గణితములో ఒక శాఖయే పెరిగినది. తంతు సిద్ధాంతము ఈ రెండింటిలో దేని త్రోవను పోవునో కాలమే తేల్చవలెను. అందము సత్యమునకు హామీ కాదు. కనబడకుండుట అసత్యమునకు ఋజువు కాదు.

ఈ విచారములో మన దేశీయుల పాలును కలదు. 1994లో అశోక్ సేన్ ప్రకటించిన ఫలితములు, వేర్వేరుగా తోచిన తంతు సిద్ధాంతములు ఒకే సిద్ధాంతము యొక్క వేర్వేరు ముఖములను భావమునకు బలమైన పునాది వేసినవి. ఆయనకు 2012లో మౌలిక భౌతికశాస్త్ర బహుమతి లభించెను. ఈ విషయమును చదువగోరు విద్యార్థి విదేశముల వైపు మాత్రమే చూడనక్కరలేదు.

చివరకు ప్రశ్ననే తలక్రిందులు చేసిన ఫలితమును తెలిపి విరమింతము. 1997లో అర్జెంటీనా దేశీయుడైన హువాన్ మాల్దసేనా ఒక ఆశ్చర్యకరమైన సంబంధమును ప్రతిపాదించెను. ఒక ప్రత్యేకమైన వక్రాంతరాళములో, గురుత్వాకర్షణతో కూడిన తంతు సిద్ధాంతమును, గురుత్వాకర్షణయే లేని, మితులు తక్కువగా గల మరియొక సిద్ధాంతమును ఒకే విషయమును రెండు భాషలలో చెప్పుచున్నవని దాని సారాంశము. ఆ అంతరాళము మన విశ్వమువంటిది కాదు. కాని అందులోనైనను మితుల సంఖ్య యనునది చెప్పు విధానమును బట్టి మారుచున్నది. అట్లయినచో తంతువులు అంతరాళములో నున్నవనుటకంటె, అంతరాళమే మరింత మూలమైన దానినుండి తేలుచున్నదని చెప్పవలసియుండునేమో! అప్పుడు “ఎక్కడ” అను మాటకు మూలమున తావే యుండదు.

కావున మమ్మడిగినవారికి మా సమాధానమిది. తంతువులున్నచో అవి వేరొక చోట లేవు. మీరు ముట్టుకొను ప్రతి వస్తువులోను, ఆ వస్తువు ఉన్న చోటనే, మన మూడు దిశలలోను దాగిన ఆరు దిశలలోను ఒకేమారు ఉన్నవి. దాగిన దిశలలో అవి అంతటను పరచుకొని యున్నవా, లేక ఒక పొరకు అంటియున్నవా యనునది ఇంకను తేలలేదు. అసలున్నవా యనునదియు తేలలేదు. ఈ మూడు వాక్యములలో మొదటి రెండింటిని మాత్రమే చెప్పి మూడవదానిని దాచువానిని, మూడవదానిని మాత్రమే చెప్పి మొదటి రెండింటిని అపహసించువానిని కూడ నమ్మవద్దని మా మనవి.